ఒకే సంఘటన, పొంతన లేని పుస్తకాలు: లైబ్రరీలో వైరుధ్యాలతో పని చేసే పద్ధతి

1948 సెప్టెంబరులో హైదరాబాదులో ఏం జరిగిందో తెలుసుకుందామని యూనివర్సిటీ లైబ్రరీలో ఓ అరడజను పుస్తకాలు ముందేసుకుని కూర్చోండి. గంటలోపే తల తిరుగుతుంది. భారత సైన్యం ప్రజలకు విముక్తి తెచ్చిందని ఒకరంటారు. స్వతంత్ర రాజ్యాన్ని ఆక్రమించిందని ఇంకొకరు. నిజాం పని ఐదు రోజుల్లో ముగించి, తర్వాత మూడేళ్లు రైతుల మీద పడిందని మరొకరు. చనిపోయినవాళ్ల సంఖ్య ఒకచోట వేలల్లో ఉంటే, ఇంకోచోట 2 లక్షలు. లొంగిపోయిన తేదీ దగ్గర కూడా ఏకాభిప్రాయం కనపడదు.

కొత్తగా పరిశోధనలోకి వచ్చినవాళ్లు ఇక్కడ సాధారణంగా రెండు దారుల్లో ఒకటి పడతారు. గైడుగారికి నచ్చే పుస్తకాన్ని పట్టుకుని మిగతావి పక్కన పెట్టేయడం ఒకటి. "దీనిపై పండితుల్లో భిన్నాభిప్రాయాలు ఉన్నాయి" అని ఒక్క ముక్క రాసి ముందుకెళ్లిపోవడం రెండోది. నా దృష్టిలో రెండోదే ఎక్కువ నష్టం చేస్తుంది. పైకి నిష్పక్షపాతంగా కనిపిస్తుంది కాబట్టి ఎవరూ ఆపి అడగరు.

ఎంఏ, పీహెచ్‌డీ చేస్తున్నవాళ్ల కోసం, సొంత ఊరి చరిత్ర రాద్దామనుకునేవాళ్ల కోసం రాస్తున్నాను ఇది. ఉదాహరణ అంతా హైదరాబాదు రాజ్యానిదే. పద్ధతి మాత్రం ఏ సబ్జెక్టుకైనా పనికొస్తుంది. రెండు పుస్తకాలు ఢీకొన్నప్పుడు ఎవరు కరెక్టు అనే ప్రశ్న చివరికి వాయిదా వేయండి. ఆ రెండూ ఒకే విషయం గురించి మాట్లాడుతున్నాయా అన్నది ముందు చూడండి.

1. లైబ్రరీకి వెళ్లేముందు ప్రశ్న చిన్నది చేసుకోండి

1948 సెప్టెంబరులో భారత సైన్యం హైదరాబాదులోకి రావడాన్నే పోలీసు చర్య అంటారు. "పోలీసు చర్య మంచిదా, చెడ్డదా" అనే ప్రశ్నకు ఏ లైబ్రరీలోనూ జవాబు దొరకదు. "1948 సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా చనిపోయినవాళ్ల సంఖ్యను ఎవరెవరు ఎంతని రాశారు, ఏ ఆధారంతో రాశారు" అంటే దొరుకుతుంది. "1948 తర్వాత కూడా తెలంగాణ రైతుల సాయుధ పోరాటం కొనసాగించడం గురించి కమ్యూనిస్టు నాయకులు తమ పుస్తకాల్లో ఏమన్నారు" అంటే ఇంకా తేలిగ్గా దొరుకుతుంది. ప్రశ్న కాగితం మీద రాసి నోటుబుక్కు అట్ట లోపల అంటించుకోండి. లైబ్రరీలో దారి తప్పడం చాలా సులువు.

2. ఎన్ని పేర్లున్నాయో అన్నిటితోనూ వెతకండి

ఒక పక్షం వాడే మాటతో మాత్రమే వెతికితే, ఆ పక్షం పుస్తకాలే బయటికొస్తాయి. ఇది చాలామంది గమనించరు. క్యాటలాగ్‌లో "విమోచన" అని కొడితే ఒక రకం పుస్తకాలు, "విలీనం" అని కొడితే ఇంకో రకం, "తెలంగాణ సాయుధ పోరాటం" అంటే మూడో రకం వస్తాయి. ఇంగ్లిషు పుస్తకాల కోసం పోలీస్ యాక్షన్, ఆపరేషన్ పోలో, ఇంటిగ్రేషన్, ఫాల్ ఆఫ్ హైదరాబాద్ అని విడివిడిగా వెతకాలి. ఉర్దూలో సుకూత్-ఎ-హైదరాబాద్, అంటే హైదరాబాదు పతనం, అనే పేరుంది. ఈ గొడవ పుస్తకాలకే పరిమితం కాదు. 2022లో ఒకే సెప్టెంబరు 17ను కేంద్రం విమోచన దినంగా, రాష్ట్ర ప్రభుత్వం జాతీయ సమైక్యతా దినంగా జరిపాయి. 2024లో రాష్ట్రంలో అది ప్రజాపాలన దినోత్సవమైంది. ఆయా ఏళ్ల పత్రికలు వెతికేటప్పుడు ఈ మూడు పేర్లూ చేతిలో ఉండాలి.

మనుషుల పేర్లు ఇంకో తలనొప్పి. చాకలి ఐలమ్మ చాలా పుస్తకాల సూచికల్లో చిట్యాల ఐలమ్మగా ఉంటుంది, కొన్నింట్లో అయిలమ్మ. నిజాం చివరి ప్రధాని పేరు ఇంగ్లిషులో లాయక్ అలీ, లైక్ అలీ అని రెండు మూడు స్పెల్లింగుల్లో కనిపిస్తుంది. కమ్యూనిస్టు నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య పుస్తకాలు ఇంటిపేరు కింద దొరక్కపోతే సుందరయ్య, పి. కింద చూడండి. ఊళ్ల పేర్లూ అంతే: పాత పుస్తకాల్లో ఉస్మానాబాదు ఇప్పుడు ధారాశివ్, గుల్బర్గా ఇప్పుడు కలబురగి.

మన యూనివర్సిటీల్లో కోహా, సోల్, ఇ-గ్రంథాలయ వంటి క్యాటలాగ్ సాఫ్ట్‌వేర్లు నడుస్తుంటాయి. తెలుగు పుస్తకాలను చాలాచోట్ల ఇంగ్లిషు అక్షరాల్లోనే ఎక్కించారు. అందువల్ల తెలుగు లిపిలో కొట్టి "ఏమీ లేదు" అని వచ్చిందని లేచి వెళ్లిపోకండి. పోరాటం అనే మాటనే టి పెట్టి ఒకసారి, టిహెచ్ పెట్టి ఒకసారి కొట్టి చూడండి. పాత కార్డుల బీరువా ఇంకా ఉంచిన లైబ్రరీ అయితే మీ అదృష్టం. ఆ సొరుగుల్లో పక్కపక్కన కార్డులు తిరగేస్తుంటే కంప్యూటర్ చూపించని పుస్తకాలు కంటపడతాయి.

3. ఒక్క బీరువా దగ్గరే ఆగిపోవద్దు

విషయాన్ని బట్టి పుస్తకాలకు అంకెలు వేసే డ్యూయీ పద్ధతి వాడే లైబ్రరీలో హైదరాబాదు చరిత్ర 954 దగ్గర ఉంటుంది. కమ్యూనిస్టు పార్టీ పుస్తకాలు రాజకీయాల కింద 320ల్లో, జీవిత చరిత్రలు 920ల్లో, సైనిక చర్యల మీదివి 355లో, ఇదే కాలం మీద వచ్చిన నవలలు తెలుగు సాహిత్యం కింద 894.827లో ఉంటాయి. అంటే ఒకే సంఘటన మీద పరస్పరం విభేదించే పుస్తకాలు, మూడు హాళ్లలో ఒకదానికొకటి ఎదురుపడకుండా కూర్చుంటాయి. సైనికాధికారి ఆత్మకథ ఒక అంతస్తులో, ఆ సైన్యానికి ఎదురు నిలిచిన దళ నాయకుడి జ్ఞాపకాలు ఇంకో అంతస్తులో. 954 దగ్గర మాత్రమే నిలబడి చదివినవాడికి వైరుధ్యమే కనపడదు.

ఇక హైదరాబాదులో ఉన్నవాళ్లు, రాగలిగినవాళ్లు ఉస్మానియా లైబ్రరీతో పాటు తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్, అఫ్జల్‌గంజ్‌లోని సెంట్రల్ లైబ్రరీ, బాగ్‌లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞాన కేంద్రం చూడాలి. అఫ్జల్‌గంజ్‌ది 1891లో ఆసఫియా లైబ్రరీగా మొదలైంది. సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో ఉర్దూ పరిశోధనా కేంద్రం కూడా ఉంది. ఉస్మానియా 1918లో ఉర్దూ మీడియం యూనివర్సిటీగా పుట్టిందన్నది గుర్తుంచుకుంటే, ఉర్దూ చదవగలిగే స్నేహితుడిని ఎందుకు వెంట తీసుకెళ్లమంటున్నానో అర్థమవుతుంది. తెలుగు, ఇంగ్లిషుల్లో ఉన్నంత మాత్రంతో రాసే థీసిస్, ఓడిపోయినవాళ్ల వైపు మాట వినకుండానే తీర్పు చెప్పేస్తుంది.

దూరంగా ఉన్నవాళ్లకు శోధ్‌గంగ వెబ్‌సైట్‌లో మన యూనివర్సిటీల థీసిస్‌లు, ఇంటర్నెట్ ఆర్కైవ్ సైట్‌లో స్కాన్ చేసిన పాత తెలుగు పుస్తకాలు చాలా దొరుకుతాయి. స్కాన్ కాపీ అయితే ముందు రెండు పేజీలు, వెనక అట్ట ఉన్నాయో లేదో చూసుకోండి. ముద్రణ సంవత్సరం ఉన్న పేజీ లేకపోతే కింది మెట్టు కుదరదు.

4. పుస్తకం లోపలికి వెళ్లేముందు దాని జాతకం రాయండి

ప్రతి పుస్తకానికీ నోటుబుక్కులో నాలుగు గడులు: ఎవరు రాశారు, ఎప్పుడు అచ్చయింది, సంఘటన జరిగేటప్పుడు ఆ మనిషి ఎక్కడున్నాడు, రాసేటప్పుడు ఏ స్థానంలో ఉన్నాడు. చివరి రెండు గడులకే ఎక్కువ టైమ్ పెట్టండి.

వి.పి. మీనన్ సంస్థానాల శాఖ కార్యదర్శి, ఢిల్లీ వైపు మనిషి. పుస్తకం 1956లో వచ్చింది. కె.ఎం. మున్షీ హైదరాబాదులో భారత ప్రభుత్వ ఏజెంట్ జనరల్. ఆయన పుస్తకం 1957లో. మీర్ లాయక్ అలీ నిజాం ప్రధానిగా ఉండి గద్దె దిగి, గృహనిర్బంధం నుంచి 1950లో తప్పించుకుని పాకిస్తాన్ చేరి, 1962లో కరాచీలో పుస్తకం అచ్చు వేశాడు. స్వామి రామానంద తీర్థ జ్ఞాపకాలు 1967లో. ఆయన స్టేట్ కాంగ్రెస్ అధినాయకుడు. అయితే సైన్యం కదిలిన ఆ ఐదు రోజులూ ఆయన జైల్లో ఉన్నారు. ఈ ఒక్క వివరంతో ఆయన సాక్ష్యం విలువ మారుతుంది. స్టేట్ కాంగ్రెస్ లోపలి సంగతులకు ఆయన ప్రత్యక్ష సాక్షి. సెప్టెంబరు 13 నుంచి 17 దాకా ఊళ్లో జరిగినదానికి కాదు.

సుందరయ్య పుస్తకం 1972లో, రావి నారాయణరెడ్డి పుస్తకం 1973లో వచ్చాయి. ఇద్దరూ ఒకే పోరాటం నాయకులు. 1964లో పార్టీ చీలాక సుందరయ్య సీపీఎం, రావి నారాయణరెడ్డి సీపీఐ. ఆ రెండు పుస్తకాల మధ్య తేడాను 1948లోంచి మాత్రమే చూస్తే అంతుబట్టదు. 1964 కూడా పక్కన పెట్టుకోవాలి.

5. ఇప్పుడు వైరుధ్యాలను రకాలుగా విడదీయండి

నేను మూడు కుప్పలు పెడతాను.

మొదటిది పైపై తేడా. లొంగుబాటు 17ననా, 18ననా? నిజాం కాల్పుల విరమణ ప్రకటించింది 1948 సెప్టెంబరు 17 సాయంత్రం. హైదరాబాదు సైన్యాధిపతి ఎల్ ఎద్రూస్, మేజర్ జనరల్ జె.ఎన్. చౌదరికి లాంఛనంగా లొంగిపోయింది 18న. రెండు తేదీలూ నిజమే, రెండు వేర్వేరు ఘటనలవి. "ఐదు రోజులు" అని ఒకరు, "108 గంటలు" అని ఒకరు రాయడమూ ఇలాంటిదే. 13 తెల్లవారుజామున 4 గంటల నుంచి 17 సాయంత్రం 4 దాకా లెక్కవేయండి: నాలుగు రోజులకు 96, పైన 12. క్యాలెండర్ చూసినవాడికి ఐదు రోజులు, గడియారం చూసినవాడికి 108 గంటలు. ఇలాంటివాటి మీద ఫుట్‌నోట్ చాలు, అధ్యాయం అక్కర్లేదు.

రెండోది ప్రశ్నే వేరైన తేడా. హైదరాబాదు భారతదేశంలో ఎప్పుడు కలిసింది? సైనికంగా అయితే 1948 సెప్టెంబరు. భారత రాజ్యాంగాన్ని అంగీకరిస్తూ నిజాం ఫర్మానా ఇచ్చింది 1949 నవంబరు. ఆ రాజ్యాంగం అమల్లోకి వచ్చింది 1950 జనవరి 26. మూడు పుస్తకాల్లో మూడు తేదీలు చూసి కంగారుపడే విద్యార్థికి చెప్పాల్సింది ఒకటే: ఒకరు యుద్ధం గురించి, ఒకరు ఒప్పుకోలు గురించి, ఒకరు చట్టం గురించి చెబుతున్నారు. ఏ పుస్తకమైనా "కలిసింది" అన్నప్పుడు, దేన్ని ఉద్దేశించి అంటోందో ఆ పేజీకి ముందు రెండు పేజీలు చదివి రాసుకోండి.

మూడోది అసలైన వైరుధ్యం. ఒకే ప్రశ్న, ఒకే కాలం, ఒకే సమాచారం, అయినా ఇద్దరు చెప్పేది పొసగదు. 1948 సెప్టెంబరు తర్వాత తుపాకులు దించాల్సిందా, వద్దా? నెహ్రూ ప్రభుత్వం మీద సాయుధ పోరాటం కొనసాగించడం తప్పని రావి నారాయణరెడ్డి. రైతు గెలుచుకున్న భూమిని నిలబెట్టుకోవడానికి కొనసాగించక తప్పలేదని సుందరయ్య. పోరాటం చివరికి 1951 అక్టోబరులో ఆగింది. ఈ ఇద్దరిలో ఎవరికీ సమాచారం తక్కువ కాదు, ఎవరూ దూరం నుంచి చూసి రాసినవారు కాదు. దీన్ని ఏ పత్రం తెచ్చీ పరిష్కరించలేరు. థీసిస్‌లో మీ బలమంతా పెట్టాల్సిన చోటు ఇదే. పాత పార్టీ తీర్మానాలు, ఆనాటి కరపత్రాలు ఇక్కడ ముఖ్యం. ఎందుకంటే 1972లో రాసిన మాట 1949లో కూడా అదే మనిషి అన్నాడా అన్నది వాటితోనే తేలుతుంది.

మొదటి రెండు కుప్పల్ని మూడోదాంట్లో కలిపేయడం వల్లే "అబ్బో, ఈ టాపిక్ అంతా వివాదమే" అనే టెన్షన్ వస్తుంది. విడదీశాక మిగిలేవి మహా అయితే మూడో నాలుగో.

6. అంకెల దగ్గర నెమ్మదిగా నడవండి

చనిపోయినవాళ్ల లెక్కతో చేసి చూపిస్తాను. ఇందులో వచ్చే సుందర్‌లాల్ నివేదిక, పోలీసు చర్య తర్వాత పరిస్థితి చూసి రమ్మని నెహ్రూ ప్రభుత్వం పంపిన బృందం ఇచ్చింది. కొందరు విద్యార్థులు సుందరయ్య పుస్తకంలోని 4,000, సుందర్‌లాల్ నివేదికలోని 27,000–40,000, ఇంకెక్కడో చదివిన 2 లక్షలు వరసగా పేర్చి, "4 వేల నుంచి 2 లక్షల దాకా" అని రాసేస్తారు. మరీ తెలివైనవాళ్లు సగటు తీస్తారు. దయచేసి ఆ పని చేయకండి.

సుందరయ్య చెప్పిన 4,000, పోరాట కాలం మొత్తంలో చనిపోయిన కమ్యూనిస్టులు, రైతు యోధులు. సుందర్‌లాల్ బృందం లెక్క పోలీసు చర్య సమయంలోనూ, ఆ తర్వాతి వారాల్లోనూ చనిపోయిన ప్రజలది, ప్రధానంగా ముస్లింలది. మనుషులు వేరు, కాలం వేరు, చంపినవాళ్లు కూడా చాలావరకు వేరు. ఈ రెండు అంకెల మధ్య వైరుధ్యమే లేదు.

తర్వాత, అంకె ఎలా వచ్చిందో చూడండి. పండిట్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ సభ్యులుగా ఉన్న ఆ బృందం 1948 నవంబరు చివర్లో బయల్దేరి డిసెంబరులో తిరిగింది. రాజ్యంలోని 16 జిల్లాల్లో 9 చూశారు. 7 జిల్లా కేంద్రాలు, 21 పట్టణాలు, 23 ముఖ్యమైన గ్రామాలు. వెళ్లలేకపోయిన 109 గ్రామాల నుంచి వచ్చిన 500 మందికి పైగా మనుషులతో మాట్లాడారు. ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాల్లో కలిపి 18,000కు తగ్గకుండా చనిపోయారన్నారు. ఔరంగాబాదు, బీడు, నల్గొండ, మెదకుల్లో కనీసం 5,000. ఇక్కడిదాకా 23,000. 27,000–40,000 అన్నది మొత్తం రాష్ట్రానికి, "చాలా తగ్గించి వేసిన" అంచనా. అంటే ఇంటింటికీ తిరిగి చేసిన లెక్క కాదు, కిటికీలోంచి చూసి వేసిన ఊహ కూడా కాదు. మీ వాక్యంలో "అంచనా" అనే మాట పోకూడదు, "9 జిల్లాలు తిరిగి" అనే మాటా పోకూడదు.

ఇంకో సంగతి ఈ జిల్లాల పేర్లలోనే ఉంది. ఎక్కువ ప్రాణనష్టం జరిగిన నాలుగు జిల్లాలూ మరాఠీ, కన్నడ ప్రాంతాలు. నిజాం రాజ్యంలో 8 తెలంగాణ జిల్లాలు, 5 మరాఠ్వాడా జిల్లాలు, 3 కన్నడ జిల్లాలు ఉండేవి. తెలుగులో వచ్చిన జ్ఞాపకాలు నల్గొండ, వరంగల్ చుట్టూ తిరుగుతాయి. అందుకని తెలుగు పుస్తకాల్లో ఆ మారణకాండ ప్రస్తావన తక్కువగా కనిపిస్తే, రచయితలు దాచారని తొందరపడి రాయకండి. కొందరు దాచి ఉండవచ్చు, కొందరికి అది తమ ఊరి సంగతి కాదు. రెంటినీ వేరుచేయాలంటే మరాఠీ, కన్నడ మూలాల దాకా వెళ్లాలి, లేదా "నా పరిధి తెలుగు జిల్లాలే" అని మొదటి అధ్యాయంలోనే గీత గీసుకోవాలి.

చివరగా, ఎప్పుడు అందుబాటులోకి వచ్చింది అన్నది. సుందర్‌లాల్ నివేదికను ప్రభుత్వం అప్పట్లో ప్రచురించలేదు. 1988లో ఒమర్ ఖాలిదీ సంకలనంలో కొన్ని భాగాలు, 2013లో ఎ.జి. నూరాని పుస్తకంలో పూర్తి పాఠం వచ్చాయి. కాబట్టి 1972లోనో 1973లోనో రాసిన పుస్తకం ఆ అంకెను ఇవ్వలేదని తప్పుపట్టడం అన్యాయం. 2015లో రాసిన పుస్తకం ఇవ్వకపోతే మాత్రం అడగవచ్చు.

మరి ఆ 2 లక్షలు? అది కనిపించిన ప్రతిచోటా ఫుట్‌నోట్ వెనక ఫుట్‌నోట్ పట్టుకుని వెనక్కి వెళ్లండి. పది వెబ్‌సైట్లు ఒకే అంకె ఇస్తే పది ఆధారాలు అనుకోకండి. పదీ ఒకదాన్నుంచి దించుకున్నవైతే అది ఒక్కటే ఆధారం. వెనక్కి వెళ్లగా వెళ్లగా "విశ్వసనీయ వర్గాల ప్రకారం" దగ్గర దారి మూసుకుపోతే, ఆ సంగతే రాయండి.

7. తేదీ తేడా వస్తే క్యాలెండర్ చూడండి

ఇది చిన్న మెట్టే కానీ హైదరాబాదు మీద పని చేసేవాళ్లకు ప్రాణం. నిజాం ప్రభుత్వ కాగితాలు ఫసలీ సంవత్సరంలో (పంటల, శిస్తుల లెక్కకు పుట్టిన సంవత్సరం), ఆజరు, దై, బహ్మన్ అంటూ పారసీ నెలల్లో ఉంటాయి. ఇక్కడ ఫసలీ ఏడాది అక్టోబరు తొలివారంలో మొదలవుతుంది. డిసెంబరు దాకా ఫసలీకి 590, జనవరి నుంచి 591 కలపాలి. 1357 ఫసలీ అంటే 1947 అక్టోబరు మొదటి నుంచి 1948 అక్టోబరు మొదటి దాకా అన్నమాట. మద్రాసు రాష్ట్రంలోని రెవెన్యూ కాగితాల్లోనూ ఫసలీ ఉంది, కానీ అక్కడ ఏడాది జులై 1న మొదలవుతుంది. కృష్ణకు అటూ ఇటూ ఉన్న రెండు ఊళ్ల రికార్డులు పోల్చేటప్పుడు, రెండింటి మీదా 1357 అని ఉన్నా మూడు నెలలకు పైగా తేడా వస్తుంది.

పత్రికలతో ఇంకో చిక్కు. 14వ తేదీ పేపర్లో ఉండేది 13 వార్త. మారుమూల నుంచి వచ్చిన వార్త అయితే ఇంకా ముందుది. పత్రిక తేదీని సంఘటన తేదీగా రాసేసిన పుస్తకాలు బోలెడు. క్లిప్పింగ్ తీసుకునేటప్పుడు వార్త మొదట్లో బ్రాకెట్లోనో చిన్న అక్షరాల్లోనో ఉండే ఊరు, తేదీ కూడా ఫొటోలోకి వచ్చేలా తీయండి.

8. ఏ ముద్రణ చదువుతున్నారో చూసుకోండి

కొన్నిసార్లు ఇద్దరు విమర్శకులు ఒకే పుస్తకం గురించి పొంతన లేకుండా రాస్తారు. ఇద్దరి చేతుల్లో ఉన్నవి వేర్వేరు ముద్రణలై ఉంటాయి. తెలుగు ఎంఏ వాళ్లకు దీనికి కన్యాశుల్కాన్ని మించిన ఉదాహరణ లేదు. 1897 నాటి మొదటి కూర్పు వేరు, 1909లో గురజాడ పెంచి తిరగరాసిన కూర్పు వేరు. మధురవాణి గురించి మొదటి కూర్పు చదివి ఒకరు, రెండోది చదివి మరొకరు వాదించుకుంటే ఆ వాదన ఎప్పటికీ తెగదు. జ్ఞాపకాల పుస్తకాల్లో కూడా మలి ముద్రణకు కొత్త ముందుమాట చేరడం, ఒకటి రెండు పేరాలు మాయం కావడం మామూలే. ఇంగ్లిషు, తెలుగు రెండింటిలో వచ్చిన పుస్తకమైతే మీకు కీలకమైన రెండు మూడు పేజీలనైనా రెంటిలో పక్కపక్కన పెట్టి చదవండి. మొత్తం చదవక్కర్లేదు.

9. ఎవరి మాట లేదో అడగండి

నాయకుల పుస్తకాలన్నీ చదివాక "మనకు తెలియని మన చరిత్ర" తెరవండి. స్త్రీ శక్తి సంఘటన అనే మహిళల బృందం 1986లో తెచ్చిన ఈ పుస్తకంలో పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్లు తమ మాటల్లో చెప్పుకున్నారు. మల్లు స్వరాజ్యం ఉంది, చిట్యాల ఐలమ్మ ఉంది, దూడల సాలమ్మ ఉంది. నాయకుల పుస్తకాల్లో స్త్రీల త్యాగం గురించి ఘనమైన పేరాలు ఉంటాయి. ఇక్కడ అదే త్యాగం లోపలి నుంచి వినిపిస్తుంది. దళంలో ఉండటానికి పసిబిడ్డను ఎవరికో ఇచ్చేయాల్సి వచ్చిన కమలమ్మ కథ చదివాక, నాయకులు రాసిన ఆ పేరా మళ్లీ చదవండి. అందులో ఒక్క వాస్తవమూ తప్పు కాకపోవచ్చు. అయినా రెండూ ఒక్కచోట ఇమడవు. పోరాటం ఆగాక ఇంటికెళ్లి సంసారం చూసుకోమన్నప్పుడు ఎలా ఉండిందో ఈ పుస్తకంలోని ఆడవాళ్లే చెబుతారు.

ఇలాంటి మౌఖిక చరిత్రను తేదీల కోసం వాడకండి. ముప్పై నలభై ఏళ్ల తర్వాత చెప్పిన మాటల్లో నెలలు తారుమారవుతాయి. ఎవరు ఎవరితో ఏ మాట అన్నారు, ఏం తిన్నారు, ఎవరింట్లో దాక్కున్నారు, దేనికి కోపం వచ్చింది అన్నవాటికి వీటిని మించినవి లేవు.

10. రాసేటప్పుడు

వాడే పేరును మొదటి అధ్యాయంలోనే తేల్చుకోండి. "పోలీసు చర్య అనేది ప్రభుత్వం పెట్టిన పేరు, వాడుకలో స్థిరపడింది కాబట్టి అదే వాడుతున్నాను" అని ఒక్క వాక్యం రాస్తే చాలు. తర్వాత పేజీకో పేరు మార్చకండి. ఇతరుల పుస్తకాల్లోంచి ఉటంకించేటప్పుడు మాత్రం వాళ్ల పేరు వాళ్లకే ఉంచండి.

వైరుధ్యాన్ని పేరాలో ఎలా పెట్టాలో చూపిస్తాను. ఇది వద్దు:

"పోలీసు చర్యలో మృతుల సంఖ్యపై భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. కొందరు 4,000 అని, కొందరు 40,000 అని, మరికొందరు 2 లక్షలని అంటారు."

ఇలా రాయండి:

"9 జిల్లాల్లో తిరిగిన సుందర్‌లాల్ బృందం, పోలీసు చర్య సమయంలోనూ ఆ తర్వాతా రాష్ట్రం మొత్తం మీద 27,000 నుంచి 40,000 మంది చనిపోయి ఉంటారని అంచనా వేసింది. సుందరయ్య ఇచ్చిన 4,000 వేరే లెక్క, అది సాయుధ పోరాటంలో చనిపోయినవారిది. 2 లక్షల సంఖ్యకు నేను చూసిన పుస్తకాల్లో ప్రాథమిక ఆధారం ఇవ్వలేదు. అందువల్ల ఈ అధ్యాయంలో సుందర్‌లాల్ అంచనానే తీసుకుంటున్నాను."

మూడో వాక్యం మీరు నిజంగా వెనక్కి వెళ్లి చూశాకే రాయాలని వేరే చెప్పనక్కర్లేదు. చివరి వాక్యం మాత్రం తప్పకుండా ఉండాలి. చాలామంది అది రాయడానికి భయపడతారు. ఎటూ తేల్చకపోతే ఎవరికీ కోపం రాదనుకుంటారు కానీ, పరీక్షకుడు మొట్టమొదట పట్టుకునేది అక్కడే.

అసలైన వైరుధ్యం దగ్గర, అంటే మూడో కుప్ప దగ్గర, రెండు పక్షాల వాదననూ వాళ్లు ఒప్పుకునేంత బలంగా రాయండి. రావి నారాయణరెడ్డి వాదనను మీరు రాసింది చదివి ఆయన పక్షంవాళ్లు "అవును, మేమన్నది ఇదే" అనాలి, సుందరయ్య వాదనకూ అంతే. ఆ తర్వాతే మీ మాట. క్రియల దగ్గర కాస్త జాగ్రత్త: ఒకరు "వెల్లడించారు", ఇంకొకరు "ఆరోపించారు" అని రాస్తే మీరెటువైపో వాదన మొదలవకముందే తెలిసిపోతుంది. ఇద్దరికీ "రాశారు" చాలు.

వైవాకు వెళ్లేటప్పుడు జాతకాల నోటుబుక్కు తీసుకెళ్లండి. "ఫలానావారు ఇలా రాశారు కదా, మీరెందుకు తీసుకోలేదు" అనే ప్రశ్న తప్పకుండా వస్తుంది. "చదివాను సార్, ఆయన ఆ ఐదు రోజులూ జైల్లో ఉన్నారు" అని పేజీ నంబరుతో చెప్పగలిగితే తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోతారు.